నువ్వుగింజ పరీక్ష

ఏ పని ఆడవాళ్లకు తగును, ఏది మగవాళ్లకు తగును అని మా మనవరాళ్లు టీవీ ముందు కూర్చొని వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో ఈ వాదన ఎప్పుడో తేలిపోయింది, అదీ ఒక బర్రె సాయంతో. రజాకార్ల పేరు చెప్పి పిల్లలకు అన్నం తినిపించే కాలం అది. (నాకు ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు, పెడితే చాలు తినేదాన్ని.) మా అన్న రజాకార్లతో పోరాడే సంఘంలో చేరి, మరికొందరితో కలిసి పక్కనున్న మంచాల ఊరి వైపు గుట్టల్లో దాక్కున్నాడు. రజాకార్లు ఎప్పుడు ఎటు కదులుతున్నారో వాళ్లకు కబురు మోసే మనిషి కావలసి వచ్చింది. ఒక్క మాట బయటికి పొక్కిందంటే అన్న మాకు దక్కడు.

మనిషిని ఎంచేది మా చిన్నాయన. ఆ పని నాకే కావాలని పట్టుబట్టాను. మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకొని పోయే పిల్లను ఎవరు ఆపుతారని నా ధీమా. దానికి మా మేనత్త కొడుకు, అంటే మా బావ, అడ్డం పడ్డాడు. ఆయనకు అప్పుడప్పుడే మీసం మొలుస్తోంది. దానికి జరిగే సేవలు అన్నీ ఇన్నీ కావు.

"మామా, ఆడోళ్ల నోట్ల నువ్వుగింజ నానదు. దేవుడు వాళ్ల మనసే గట్ల చేసిండు. జర బెదిరిస్తే ఏడుస్తరు, జర ముద్దుజేస్తే చెప్పేస్తరు. గిది మొగోని పని" అన్నాడు, లేని మీసం దువ్వుతూ.

"నీ నోట్ల నానుతదా?" అన్నాను.

"నా నోట్ల గుమ్మడికాయ గూడ నానుతది!"

చిన్నాయన భుజం మీద గొంగడి సర్దుకొని నవ్వాడు. "లొల్లి వద్దు. ఇద్దరికి చెరొక గుట్టు చెప్త. ఎవరిది బయటికి రాదో వాళ్లదే పని" అని ముందు బావను కొట్టంలోకి తీసుకుపోయి చెవిలో ఏదో ఊదాడు. తర్వాత నన్ను పిలిచి నా చెవిలోనూ ఒక మాట వేశాడు. నేను బయటికి వచ్చేసరికి బావ రాజ్యం దొరికినవాడిలా వాకిట్లో పచార్లు చేస్తున్నాడు.

ఇక చూడండి నా అవస్థ. నా గుట్టు లాగడానికి బావ జామకాయలు తెచ్చాడు. చిన్నమ్మ వేడివేడి సర్వపిండి పెట్టి మరీ అడిగింది. జామకాయలు తిన్నాను, సర్వపిండి తిన్నాను, నోరు మాత్రం విప్పలేదు. అలాగని నేనేం మౌనవ్రతం పట్టే రకం కాదు, మా అమ్మ నన్ను వసపిట్ట అనేది. నాలుక దురద పెట్టినప్పుడల్లా గుట్టల్లో ఆకలితో ఉన్న అన్న గుర్తొచ్చేవాడు. అంతే, గప్‌చుప్‌గా ఊరుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే పలుపుతాళ్లు పట్టుకొని మంచాల ఊరి పశువుల బేరగాళ్లు చిన్నాయన వాకిట్లో దిగారు. "బర్రెను అమ్ముతున్నవట గదనే, చూపియ్యి" అన్నారు. చిన్నాయన నోరు తెరిచేలోపే చిన్నమ్మ ఉరికొచ్చి బర్రె మెడ కావలించుకుంది.

"అయ్యో, మా అవ్వగారింటోళ్లు ఇచ్చిన బర్రె! దీన్ని అమ్ముడంటే నన్ను అమ్మినట్టే!" అని రాగం అందుకుంది.

"పాలు మంచిగ ఇస్తదా అమ్మా?" అన్నాడు ఒక బేరగాడు నెమ్మదిగా.

"ఏమనుకున్నవ్! రెండు పూటల కుండ నిండుతది" అని గర్వంగా చెప్పి, మళ్లీ ఏడుపు ఎత్తుకుంది చిన్నమ్మ.

చిన్నాయన బావ వైపు తిరిగాడు. "ఏందిరా, బర్రెను అమ్ముతున్న, మీ అత్తకు తెల్వనియ్యకు అని నీకొక్కనికే గద చెప్పిన?"

"నేను గడ్డం గీసే తాతకు ఒక్కనికే చెప్పిన మామా! అది గూడ ఒట్టు పెట్టిచ్చుకొనే!"

ఆ తాత కూడా ఒట్టు పెట్టించుకునే తాటివనంలో ఇంకొకరికి చెప్పాడట. అలా ఊళ్లో మగవాళ్లంతా ఒట్ల మీద ఒట్లు వేసుకుంటూ ఆ గుట్టును భద్రంగా మంచాల దాకా మోసుకుపోయారు. చిన్నమ్మను ఓదార్చి, బేరగాళ్లకు మజ్జిగ పోసి పంపేసరికి చిన్నాయనకు తలప్రాణం తోకకొచ్చింది. పని నాకు దక్కింది.

మజ్జిగ కుండతో పాటు ఎన్ని కబుర్లు మోశానో నాకే తెలియదు. యూనియన్ మిలిటరీ వచ్చాక అన్న నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అతన్ని చూసి ఏడ్చినంతగా నేనెప్పుడూ ఏడవలేదు. ఆ రోజు చిన్నాయన బావను పిలిచి, "అల్లుడా, రజాకార్ల పని అయిపోయింది. ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఊరు ఊరంతా డప్పులతో రోడ్డెక్కింది. "చూసినవా బిడ్డా, ఎవని పని వానిదే" అన్నాడు చిన్నాయన నాతో.

ఆ బావనే చేసుకున్నాను. మీసం నెరిసి రాలిపోతున్నా ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. "చిన్నమామ నీ చెవుల ఏం చెప్పిండో ఇగనన్న చెప్పవే. నేనెవ్వరికి చెప్ప!" నేను నవ్వి ఊరుకుంటాను. చెప్పేస్తే ఇక నన్ను బతిమాలడానికి ఆయనకు ఏం మిగులుతుంది?

చిన్నాయన ఆ రోజు అన్నది ఇంతే: "నీకు చెప్పేతందుకు నా కాడ ఏ గుట్టు లేదు బిడ్డా. గా సంగతే ఎవ్వరికి చెప్పకు."

ఇన్నేళ్లు దాచి, ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పేశాను. ఈ వయసులో నా నోట్లోనూ నువ్వుగింజ నానలేదన్నమాట. ఒట్టు, మా ఆయనకు మాత్రం చెప్పకండి.