ఎడమ చెవిలో సన్నని కూత

ఆ కూత మొదటిసారి వినపడినప్పుడు నేను విజయవాడలో ఒక రేకుల షెడ్డులో డ్రమ్స్ ముందు కూర్చుని ఉన్నాను. పాట అయిపోయింది, మిగతా ముగ్గురూ టీకి వెళ్ళారు, నా ఎడమ చెవిలో మాత్రం సన్నగా ఏదో మోగుతూనే ఉంది. ఆంప్లిఫయర్ ఆపలేదేమోనని లేచి వెళ్ళి చూశాను. స్విచ్ ఆపేసే ఉంది.

అది నా మూడో బ్యాండు. మొదటిది తిరువూరులో, మా చర్చిలో. అక్క కీబోర్డు, నేను డ్రమ్స్. రెండోది పెళ్ళి మేళం. నెమలి, వినగడప, రెడ్డిగూడెం, చుట్టుపక్కల ఏ ఊళ్ళో ముహూర్తముంటే అక్కడ ఎర్ర కోటు తొడుక్కుని, మండుటెండలో నడుస్తూ వాయించాను. మూడోది పంక్ రాక్. మా ఊళ్ళో ఎవరైనా అదేంటని అడిగితే అరుపుల సంగీతమని చెప్పి తప్పించుకునేవాణ్ణి. రెండేసి నిమిషాల పాటలు, ఊపిరి పీల్చుకోనివ్వవు. నాకంటే వేగంగా కొట్టేవాడు జిల్లాలోనే లేడని నాకు మహా పొగరు. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఒకసారి అక్క షెడ్డుకి వచ్చింది. ఒక్క పాటకే చెవులు మూసుకుంది. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి దూది తీసి నా చేతిలో పెట్టింది.

"చెవుల్లో పెట్టుకోరా. రేపు వినపడకపోతే ఏం వాయిస్తావు?"

"దూది పెట్టుకుంటే నవ్వుతారక్కా."

నవ్వేవాళ్ళమే. చెవుల్లో దూది కుక్కుకున్నవాణ్ణి మేం మనిషిగా లెక్కేసేవాళ్ళం కాదు. ఆ దూదితో నేను డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్ళేలు, సింబల్స్ తుడిచాను.

పాడేవాడికి ఉద్యోగమొచ్చి ఆ బ్యాండు చెదిరిపోయింది. హైదరాబాదులో ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. బ్యాండు మారినప్పుడల్లా కూత కాస్త పెరిగింది. ముందు గంటసేపు ఉండేది. తర్వాత మర్నాటిదాకా. చివరికి అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా వదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వాయించడం మానెయ్యమంటాడని తెలుసు. మానేస్తే ఇక నేనెవరిని? చెవుడు కన్నా ఆ ప్రశ్నకే ఎక్కువ భయపడ్డాను.

పోయినేడు తిరువూరు వచ్చేసి, చర్చిలో నా పాత స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాను. కూత సంగతి అక్కకి చెప్పలేదు.

మా చర్చిలో ఒక పద్ధతుంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ అక్క కీబోర్డు మీద ఒకే స్వరాన్ని సన్నగా పట్టి ఉంచుతుంది. ఆమెన్ అన్నాక కూడా ఆ స్వరం మోగుతుంటే పాట ఉన్నట్టు. నేను స్టిక్స్‌తో నాలుగు లెక్కపెట్టి ఎత్తుకోవాలి. స్వరం ఆగిపోతే పాట లేనట్టు. అప్పుడు అందరం కదలకుండా కూర్చోవాలి.

మాకు చిన్నప్పుడు పాటలు నేర్పిన టీచరుగారు పోయారు. ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ భర్త ముందు వరుసలో కూర్చున్నారు. పాస్టరుగారు చాలాసేపు ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత పాస్టరుగారు నెమ్మదిగా ఇంకేదో అన్నారు, అందలేదు. స్వరం మాత్రం మోగుతోంది. నాలుగు లెక్కపెట్టి, బలంగా ఎత్తుకున్నాను.

ఎవరూ పాడలేదు. కళ్ళు తెరిచాను. జనమంతా తలలు వంచుకుని, పాస్టరుగారు చెప్పిన మౌనం పాటిస్తూ నిలబడి ఉన్నారు. టీచరుగారి భర్త ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూస్తున్నారు. అక్క చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

కూడిక అయ్యాక అక్క దగ్గరికొచ్చింది.

"కీబోర్డు ఎప్పుడు ఆపావు?" అన్నాను.

"ఆమెన్ అనగానే ఆపేశాగా. నీకేం వినపడింది?"

"ఇప్పుడు కూడా మోగుతోందక్కా."

అక్క ఆఫ్ చేసున్న కీబోర్డు వైపు ఒకసారి చూసింది. నా చేతిలోని స్టిక్స్ పట్టుకుని లాగింది. కాసేపు నేను ఇవ్వలేదు. తర్వాత వదిలేశాను.