కారు కింద వినపడిన పేరు

పోయిన ఎండాకాలం, విశాఖ వన్‌టౌన్‌లోని మా వాకిట్లో జరిగిందిది. ఉప్పుగాలికి మా పాత కారు ఇంజన్ కింద ఆయిల్ బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని విప్పి పాత ఆయిల్ మారిస్తేగానీ కారు నడిచేలా లేదు.

"ఆదివారంలోగా ఇది నడవకపోతే పాతసామాన్లోడికి ఇచ్చేత్తాను," అంది మా ఆవిడ.

శనివారం మధ్యాహ్నం ఆ బోల్టును నేను ఒంటిచేత్తో విప్పేశాను. వీధంతా ఇలాగే చెప్పుకున్నాను. అబద్ధం.

నిజానికి ఎంత తిప్పినా అది కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానేదాకా స్పానర్ దానికే తగిలించి పట్టుకుని, కారు కింద వెల్లకిలా పడుకున్నాను. సముద్రం గాలికి కన్ను మూతపడింది. కలలో ఆ బోల్టు ఓడంత అయింది. నేను తిప్పుతుంటే హార్బరూ, పడవలూ, కొండలూ మెల్లగా దాంతోపాటే తిరుగుతున్నాయి.

"ఓలమ్మో! ఏటండీ, పలకరేటి?" అని మా ఆవిడ కేక. పక్కింటి దర్జీ జలీల్ పరుగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టి లాగాడు. నాతోపాటు స్పానరూ, దాంతోపాటు బోల్టూ తిరిగాయి. నల్లటి ఆయిల్ నా తెల్లమీసాల మీద కారింది.

"సచ్చిపోనావనుకున్నాం బావా! నిద్దరోతన్నావా?" అన్నాడు జలీల్.

అలా కారు దక్కింది. అయితే ఇంకో నిజం ఉంది. ఆవిడ మొదటి కేకకే నాకు మెలకువ వచ్చింది. లేవబోతుంటే, పెళ్లయ్యాక ఏనాడూ నా పేరు పలకని మనిషి "అప్పలరాజూ!" అని పిలిచింది. మళ్లీ పిలుస్తుందేమోనని కళ్లు మూసుకునే ఉండిపోయాను. ఆవిడని ఏడిపించడం తప్పే. కానీ ఆ పిలుపు ఇంకోసారి వినాలనిపించింది.