సగం చాలు

మా బావ, నేతవాళ్లుండే దాజీ పేట్‌లో, మగ్గం నడిపేవాడు. చాయ్ అయినా జొన్నరొట్టె భాకరి అయినా సగమే తీసుకునేవాడు.

తొంభైల్లో నేను చద్దర్ల డిజైన్లను కుదించే ప్రోగ్రాం రాశాను. ఎదురెదురు నెమళ్ల బొమ్మ పెడితే మెమరీ చాలక కంప్యూటర్ ఆగిపోయేది. నేను జుట్టు పీక్కుంటుంటే, బావ తెర సగానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం చాలు బామ్మర్దీ. రెండోది మగ్గమే తిప్పి నేస్తది."

నేతింట్లో పుట్టి కూడా నాకిది తట్టలేదు. ఆ ఉత్సాహంలో ఏ డిజైనుకైనా సగానికే మెమరీ ఇచ్చేలా రాసేశాను. కార్ఖానా సేటు పేరు నేసే చద్దరూ మగ్గం మీంచి అలాగే దిగింది: పేరులో ముందు సగం, పక్కన అదే సగం తిరగబడి.

"నెమలికి చాలన్న గని, సేటు పేరుకు చాలన్ననా?" అన్నాడు బావ.

ఆ చద్దరు నాకే మిగిలింది. పేరు సరిగా కనబడుతుందేమోనని ఒకసారి అద్దంలో చూశాను. అక్కడా అలాగే ఉంది.