ఏడిస్తే ఖాళీ అయ్యే ఇల్లు

ఏడిచే పిల్లకే పాలు అని లోకమంతా అంటుంది. ఆ మాట తప్పని నిరూపించడానికి డాక్టర్ భీమశంకరం జీవితమంతా ధారపోశాడు. ఏడిస్తే ఎత్తుకుంటున్నారు కాబట్టే పిల్లలు ఏడుస్తున్నారని, పట్టించుకోవడం మానేస్తే ఏడుపూ మానేస్తారని ఆయన వాదన. ప్రవర్తనా శాస్త్రం అంటారట దాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన ఆ ఒక్క మాటా అక్షరాలా పాటించి, మొట్టమొదటి ప్రయోగం సొంత కూతురి మీదే చేశాడు. ఆ కూతురే హరిప్రియ. ఇప్పుడు యాభై దాటింది. ఫరీదాబాద్‌లో ఆయన కట్టించిన ఇంటి కింది వాటాలో, ఆయన పేరు మీద నడిచే ఫౌండేషన్‌కి ఆమే కార్యదర్శి, ఆమే గుమాస్తా, పొద్దున్నే తాళం తీసి దుమ్ము దులిపేదీ ఆమే. నిజం చెప్పాలంటే అక్కడ చూపించే వస్తువుల్లో ఆమె కూడా ఒకటి.

గ్రేటర్ నోయిడా కాలేజీల నుంచి పిల్లలు బస్సుల్లో వస్తారు. పావురాలకు మీట నొక్కడం నేర్పిన చెక్కపెట్టె చూస్తారు. మంచి ప్రశ్న అడిగిన వాళ్ళకు పెద్దాయన పుట్నాలు పెట్టిన ఇత్తడి గిన్నె చూస్తారు. చివరికి అసలైనది, టేపు. గదిలో ఒంటరిగా పడుకోబెట్టిన పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, క్రమంగా సన్నగిల్లుతుంది, ఆగిపోతుంది. మధ్యమధ్య ఎక్కడో గలగలమని చిన్న చప్పుడు. అదేమిటని ఎవరైనా అడిగితే, "మెషీన్‌లో లోపం" అంటుంది హరిప్రియ. వాళ్ళ నాన్న అలాగే చెప్పేవాడు. "ఆ బేబీ మీరేనా మ్యామ్?" అని పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుంటే, "అవును, నేనే" అని తర్వాతి గది లైటు వేస్తుంది.

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా ఏడుపొస్తే మిగతావాళ్ళు మాట్లాడకుండా లేచి గదిలోంచి వెళ్ళిపోవాలి. కోపంతో కాదు సుమా, మర్యాదగా. తగ్గాక తిరిగొచ్చి ఏమీ జరగనట్టు కబుర్లలో పడాలి. పెద్దాయన శిష్యులు కూడా ఆ ఇంట్లోనే తిని, చదువుకుని, ఆ అలవాటు ఒంటబట్టించుకున్నారు. ఒకసారి కాకినాడ నుంచి వచ్చిన మేనత్తకు ఢిల్లీ చలి పడక జలుబు చేసింది. ఆవిడ ముక్కు చీదుకున్నప్పుడల్లా హాలు ఖాళీ. "ఇదేం చోద్యంరా తమ్ముడూ! నాకేమైనా అంటురోగమా?" అని మర్నాడే రైలెక్కేసింది.

హరిప్రియ ఏడ్చిన గుర్తు హరిప్రియకే లేదు. పెళ్ళి చేసుకుంది, అది నిలవలేదు, సూట్‌కేసు పట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పుడూ లేదు. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ అందరూ ఆమెను గుండె ధైర్యం గల మనిషి అన్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. లోపల ఏమీ కదలదు, అంతే.

పెద్దాయన పోయినరోజు సంగతి కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శవం హాల్లో ఉంది. చుట్టూ శిష్యులు, అందరూ పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. భార్య జానకీదేవి అప్పటిదాకా రాయిలా కూర్చుని ఉన్నట్టుండి భోరుమంది. అంతే. ఒకరి తర్వాత ఒకరు లేచారు. చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళి తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ళలో హరిప్రియ కూడా ఉంది. హాల్లో శవమూ, భార్యా మిగిలారు. అప్పుడే పాలగిన్నెతో వచ్చిన పక్కింటి పంజాబీ ఆవిడ, పమ్మీ ఆంటీ, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "హాయ్ రబ్బా! మీరంతా బయట ఏం చేస్తున్నారు?" అని హిందీలో గట్టిగా అరిచి, గిన్నె అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. కిటికీలోంచి హరిప్రియ చూసింది. ఆవిడ ఒక చెయ్యి అమ్మ తల వెనక వేసి, రెండో చెయ్యి వీపు మీద వేసి, తన భుజానికి అదుముకుంది. అలా కూడా చెయ్యొచ్చన్నమాట అనుకుంది హరిప్రియ. సిగ్గేసిందా అంటే, ఏమో, వెయ్యాల్సిన చోట వేసినట్టు లేదు.

ఆ ఏడే శిష్యులు ఫౌండేషన్ పెట్టారు. మొదట్లో ఉత్సాహంగా ఉపన్యాసాలు, పతకాలు, ఏటా వర్ధంతి సభ. తర్వాత ఒక్కొక్కరే తప్పుకున్నారు. మిగిలింది ఆఖరి శిష్యుడు సుధీంద్ర. గురుగ్రామ్‌లో కంపెనీలకు సలహాలిచ్చే ఆఫీసు పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే, గురువంటే ప్రాణం. అక్కడే ఉంది చిక్కంతా.

ఈ చలికాలం మొదట్లో అతను వచ్చి, పుట్నాలు నోట్లో వేసుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. "అక్కా, ఆఫీసుల్లో పసిపిల్లల క్రెష్‌లు నడిపే పెద్ద కంపెనీ ఒకటి సార్ పద్ధతి అడుగుతోంది. ఢిల్లీ చుట్టుపక్కల మొత్తం వాళ్ళవే. ఆయాలకు ట్రైనింగ్ మనమిస్తాం. మొదటి పాఠం నీ టేపే. సార్ పేరు చిరకాలం నిలుస్తుంది. నువ్వు ఊఁ అంటే చాలు."

"ఊఁ, నాకేం అభ్యంతరం? కానియ్యి" అంది హరిప్రియ. టీ చల్లారిందేమో చూసుకుంది.

వర్ధంతి సభకే ఆ కంపెనీ వాళ్ళను, తప్పుకున్న పాత శిష్యులను కూడా పిలిచాడు సుధీంద్ర. దీపం జానకీదేవి చేతే వెలిగించాలని పట్టుబట్టాడు. అన్నేళ్ళూ ఆవిడ ఆ రోజు పైవాటా దిగేది కాదు; గుడికి వెళ్ళాలనో, కాళ్ళనొప్పులనో ఏదో ఒకటి చెప్పేది. ఈసారి, "అమ్మగారూ, సార్ కోసం" అని అతను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేశాడు. ఎనభై దాటిన మనిషి, కాదనలేకపోయింది. ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

టేపు మొదలైంది.

పసిపిల్ల ఏడుపు గది నిండా పరుచుకుంది. కంపెనీ వాళ్ళు శ్రద్ధగా వింటున్నారు. గలగల చప్పుడు వచ్చింది. జానకీదేవి తన మణికట్టు వైపు చూసుకుంది. మళ్ళీ గలగల. టేపులో పిల్ల ఎక్కిళ్ళలోకి దిగింది, ఎక్కిళ్ళు దూరదూరమయ్యాయి, ఆగిపోయింది. సరిగ్గా అక్కడ ప్రతి ఏడూ చప్పట్లు కొడతారు. ఈసారి చప్పట్లకు ముందే జానకీదేవి గొంతెత్తి ఏడ్చింది.

పాత శిష్యులు లేచారు. సుధీంద్ర లేచాడు. ఇది కూడా పద్ధతిలో భాగమే కాబోలనుకుని కంపెనీ వాళ్ళూ ఫోన్లు సర్దుకుని బయటికి నడిచారు. హరిప్రియ కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళాయి. గడప మీద కాలు పెట్టబోతుండగా వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది.

"మెషీనూ కాదు, మట్టీ కాదు. అవి నా గాజులే."

హరిప్రియ ఆగింది.

"తలుపవతలే ఉన్నానే నేను. గడియ తియ్యబోతే మీ నాన్నగారు నా చెయ్యి పట్టేసుకున్నారు. గింజుకున్నాను. రోజూ గింజుకున్నాను. ఆ రోజు నువ్వు ఊరుకున్నావు. అందరూ నేర్చుకుందన్నారు. నాకు తెలుసు, అమ్మ ఇంక రాదని ఊరుకున్నావు. అంతేనా? చెప్పవే, అంతేనా?"

"గుర్తు లేదమ్మా" అంది హరిప్రియ. నిజమే చెప్పింది.

తలుపు సందులోంచి సుధీంద్ర తల పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, నువ్వూ వచ్చెయ్. తగ్గాక మళ్ళీ మొదలెడదాం. ఠీక్ హై?"

హరిప్రియ అతని వైపు చూసింది. ఎంత ఓపికగా, ఎంత మర్యాదగా నిలబడ్డాడో. అచ్చం నాన్నలాగే.

"తగ్గకపోయినా ఫరవాలేదు, సుధీంద్రా. వాళ్ళను పంపించెయ్యి. టేపు ఇవ్వను."

"అక్కా, నువ్వు ఊఁ అన్నావు కదా! సార్ పేరు..."

"అన్నాను. నాకు ఏదడిగినా ఊఁ అనడమే వచ్చు. ఎందుకో ఇప్పుడే విన్నావుగా. ఆ క్రెష్‌లలో ఒక్క పిల్లకు కూడా ఇది నేర్పొద్దు."

అతను జానకీదేవి ఏడుపు వింటూ అలవాటు ప్రకారం తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. హరిప్రియ వెళ్ళి ఆ తలుపు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా పావురాల పెట్టె జరిపి అడ్డం పెట్టింది. వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఇప్పుడేం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. పమ్మీ ఆంటీ ఎలా చేసిందో గుర్తు తెచ్చుకుంది. ముందు ఒక చెయ్యి తల వెనక, తర్వాత రెండోది వీపు మీద. అలాగే చేసింది. అమ్మ తల ఆమె భుజానికి ఆనింది. జాకెట్టు తడిసింది.

తనకూ ఏమైనా వస్తుందేమోనని హరిప్రియ కాసేపు ఎదురు చూసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. లోపల ఏమీ కదల్లేదు. అయినా చేతులు తియ్యలేదు.