గంగాళంలో పగడపు దీవి

అశ్వారావుపేటలో మా చర్చి ఆడవాళ్లు ఏడాదికొక దేశాన్ని ఎంచుకుని దాని కోసం ప్రార్థన దినం జరిపేవాళ్లు. నేను కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఏడాది పసిఫిక్ సముద్రంలోని పగడపు దీవుల వంతు వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయింది. గోదావరి మీద పెద్ద ఆనకట్ట పనులు మొదలైన రోజులవి.

స్త్రీల సమాజానికి మా అత్తమ్మే పెద్ద. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. ఇంట్లోని గంగాళం మోయించుకొచ్చి వేదిక ముందు పెట్టించి, అందులో ఇసుకతో ఉంగరంలా దీవి కట్టించింది. పామాయిల్ మట్టల కొసలు తుంచి గుచ్చి, ఇవే కొబ్బరి చెట్లంది. బైబిలు వాక్యం చదివినప్పుడల్లా ఒక చెంబు నీళ్లు పోయాలి, సముద్రం పెరుగుతున్నట్టు. ఆ పని నాకు అప్పజెప్పారు.

పాస్టరమ్మ ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. అబద్ధమెందుకు, అంత అందం నేనెన్నడూ చూడలేదు. నల్లటి సముద్రం నడుమ సన్నటి తెల్లని గట్టు. గట్టు లోపల కదలని లేత ఆకుపచ్చ నీళ్లు. ఆ గట్టు మీదే ఇళ్లు, బడి, చర్చి. వాకిట్లో నిలబడితే అటూ నీళ్లే, ఇటూ నీళ్లే. పోటు ఎక్కువైతే చేమదుంపల మళ్లలోకి ఉప్పునీరు వస్తుందట, బావి నీళ్లు నోట పెట్టలేరట. చివరి బొమ్మలో అల సమాధుల దాకా వచ్చింది.

మా అమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది. నన్ను చూడటానికి వచ్చింది పాపం. మా పుట్టినూరు గోదావరి ఒడ్డున. ఆనకట్ట కడితే మునిగిపోతుంది, నాన్న సమాధితో సహా. ఆ సంగతి నేను ఇక్కడెవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నామోషీ. ఆనకట్ట పూర్తయితే తమ తోటలకు నీళ్లొస్తాయని ఈ చర్చిలోనే స్తోత్రాలు చెల్లించేవాళ్లు మరి.

చివరి చెంబు పోశాను. ఇసుక కరిగి మట్టలు తేలాయి. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. పాస్టరు అయ్యగారు మోకరించి, సముద్రానికి హద్దు పెట్టు ప్రభువా, ఆ దీవులను అక్కడే నిలబెట్టు అని ఏడుస్తూ వేడుకున్నాడు. చర్చి అంతా ఆమెన్ అంది.

"ఎవరికన్న ప్రార్థన అవసరతలుంటే లేవండి," అన్నాడు తర్వాత. అమ్మ లేచింది.

"అయ్యగారూ, మాది గోదారొడ్డు. ఆనకట్ట గడితే మా ఊరు మునుగుతదంట. మునగకుండ ప్రార్థన చేయండి."

అత్తమ్మ నావైపు చూసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. ఆ ఊరివాళ్లకు మంచిచోట పక్కా ఇళ్లు దొరకాలని, క్షేమంగా తరలిపోవాలని ప్రార్థించాడు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. అత్తమ్మ పక్కనే ఉంది. నేనూ అన్నాను.

అమ్మా నేనూ ఇంటికి నడిచాం. సందు మలుపులో అమ్మ ఆగింది.

"నేనడిగింది గది కాదు గద బిడ్డా. ఆ దీవులోళ్లను లేచి ఇంకోకాడికి పొమ్మని ఎవరన్న ప్రార్థన జేసిండ్రా?"

"లేదమ్మా," అన్నాను.

"మీ నాయన ఆడ్నే పండుకోని ఉన్నడు. నువ్వు గూడ ఆమెన్ అంటివి."