రామనామాన్ని రెండోసారి ఒప్పుకోని వెబ్‌సైటు

చదువు అప్పుడే పూర్తయి, ఒళ్లో లాప్‌టాప్, బుర్రనిండా ధీమా ఉన్న ఆ రోజుల్లో, దేవుడి పనులు నత్తనడకన సాగడానికి కారణం మంచి సాఫ్ట్‌వేర్ లేకపోవడమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. (భక్తికి లోటు లేదు. అక్షరాలకంటే ముందు నామాలు నేర్పిన ఇల్లు మాది.) ఎచ్చెర్లలో కంప్యూటర్లు చదివి రాజాం తిరిగొచ్చేసరికి మా సత్సంగం సగం ఖాళీ అయిపోయి ఉంది. ధాన్యం వ్యాపారం చేసే మా మిల్లు మావయ్య కొట్టు మీద హాల్లో ప్రతి శనివారం భజన. ఒకప్పుడు చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చునేవారట. ఇప్పుడు కొందరు నెల్లిమర్లలో, కొందరు విశాఖలో, కొందరు హైదరాబాదులో. అందరినీ నడిపించిన మా పెద్దమ్మకేమో మోకాళ్లు మొరాయించి, మెట్లెక్కలేక కింద కొట్లోనే కుర్చీ వేయించుకుని పైనుంచి వినబడే భజనకు తాళం వేసేది. ఆ ఏడాది ఆవిడ సంకల్పం చెప్పుకుంది: చెదిరిపోయిన వాళ్లందరూ కలిసి శ్రీరామనవమి లోగా లక్ష రామనామాలు రాయాలి, వాటిని పుస్తకంగా కుట్టించి స్వామి పాదాల దగ్గర పెట్టాలి. "మల్లీ నవమికి నానుంతానో నేదో" అని ఒక మాట కూడా కలిపింది.

"దానికేముంది పెద్దమ్మా, వెబ్‌సైటు చేసేస్తాను" అన్నాను.

నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. నలుగురూ చేరి మాట్లాడుకునే ఫోరమ్‌ల కోసం ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, కాషాయం రంగు పూసి, పైన విల్లు బొమ్మ పెట్టి, తెర మీద కనిపించే మాటలన్నీ తెలుగులోకి మార్చాను. ఎవరు ఏది రాసి పంపినా ఒక నామం కింద లెక్క. మొత్తం ఎంతయిందో పైన పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. ప్రారంభం రోజున పెద్దమ్మ ఫోనుకి బొట్టు పెట్టి, ఒంటి వేలితో 'శ్రీరామ' అని రాసి నొక్కింది. అంకె ఒకటయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మళ్లీ రాసింది. అంకె కదల్లేదు. నా చేత్తో నేను తెలుగు చేసిన వాక్యం ఎర్రగా ప్రత్యక్షమైంది: 'ఈ మాట మీరు ఇదివరకే చెప్పారు. కొత్త విషయం ఉంటే రాయండి.'

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "ఏటే గుంటా, రామనామం కంటే కొత్త ఇసయం ఏటుంతాదే?"

"నీ మిసను నాస్తికుడేటే?" అన్నాడు మావయ్య.

చెప్పిందే చెప్పి జనాన్ని విసిగించేవాళ్లను ఆపడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో కాపలా ఉంటుందని నాకు తెలుసు. చెప్పిందే చెప్పడానికే మేమంతా కూడామన్న సంగతే తట్టలేదు. నేను ఆ కాపలా తీసే మార్గం వెతికేలోపు మావాళ్లు తమ మార్గాలు కనిపెట్టేశారు. నెల్లిమర్ల పిన్ని 'శ్రీరామ, ఈ రోజు ఆనపకాయ పులుసు', 'శ్రీరామ, చారు కూడా పెట్టాను' అంటూ వారం రోజుల వంటలు స్వామికి నివేదించింది. కాపలా తీసేశాను. లోపలికొచ్చే ముందు 'మీరు మనిషేనా? బస్సులున్న బొమ్మలు గుర్తించండి' అని అడిగే పరీక్ష ఒకటుండేది. "నాను మనిసినని దానికి సెప్పుకోవాలేటి?" అని పెద్దమ్మ కోప్పడితే అదీ తీసేశాను. తలుపులన్నీ బార్లా తెరిచి, ఇదే భక్తి మార్గమని మురిసిపోయాను.

నవమి ఇంక రెండు రోజులుందనగా అంకె డెబ్భై వేల దగ్గరుంది. పెద్దమ్మకు అన్నం సహించడం లేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "గుంటా! లచ్చ దాటీసినాదే! ఎక్కడెక్కడి భక్తులో రాసీసినారు!" మావయ్య అప్పటికే లడ్డూలు పురమాయించాడట. నేను తెరిచి చూశాను. రాత్రికి రాత్రే ముప్పై వేల పైచిలుకు కొత్త భక్తులు. ఒకాయన జుట్టు మొలిపిస్తానన్నాడు, ఇంకొకాయన చెప్పులు సగం ధరకే ఇస్తానన్నాడు. అన్నీ మనుషులు కాని ప్రోగ్రాములు పంపిన ప్రకటనలే. పెద్దమ్మ చూపు అంకె దగ్గరే ఆగిపోయింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ పుస్తకంలో చెప్పుల బేరం చేర్చి స్వామి పాదాల దగ్గర పెట్టడమా? కొట్టుకెళ్లి, తల వంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"లెక్క నిండిపోనాది గదా, ఎవుడు సూస్తాడే?" అన్నాడు మావయ్య.

"ఒరే తమ్ముడూ, నీ ధాన్యం బస్తాలో మట్టిగడ్డలుంటే తూకంలో కలిపీసుకుంతావేట్రా?" అంది పెద్దమ్మ. ఆవిడ నావైపు తిరిగింది. "తీసీ అన్నీ. తలుపుకాడ ఆ పరీచ్చ మల్లీ పెట్టు. అందరికీ ఫోన్లు సెయ్యి, రేపు పొద్దున్న కూకుందాం."

నవమి పొద్దున్న పెద్దమ్మను కుర్చీతో సహా హాల్లోకి ఎత్తుకొచ్చారు. తలుపు దగ్గరి పరీక్ష మొదట ఆవిడకే ఎదురైంది. ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. తప్పు.

"అది ధాన్యం లారీ అక్కా!" అన్నాడు మావయ్య.

"నీకన్నీ ధాన్యం లారీలే." మూడోసారికి బస్సులన్నీ దొరికాయి. 'ధన్యవాదాలు, మీరు మనిషే' అంది తెర. "అడిగితే అడిగినాదిలే, దొంగల్ని సూసినాది గదా" అని క్షమించేసింది.

హాల్లో నలభై మంది, వేరే ఊళ్లలో అంతకంటే ఎక్కువమంది. నామం పైకి చెబుతూ నొక్కడం. మధ్యాహ్నం హారతి వేళకు అంకె తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దగ్గర ఆగింది. అందరూ ఫోన్లు కింద పెట్టేశారు. ఎవరూ చెప్పకుండానే, పెద్దమ్మ కోసం. ఆవిడ ఒంటి వేలితో నొక్కింది. తర్వాత ఏమైందో నాకు సరిగా కనబడలేదు, కళ్లనిండా నీళ్లు.

ఇప్పుడు విశాఖలో వేలమంది చేరే ఆన్‌లైన్ బృందాలను కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో మీటింగుల్లో గంభీరంగా ఉపన్యసిస్తాను. (నాకది ఎవరు నేర్పారో ఎవరికీ చెప్పను.) ఆ లక్షా అచ్చేసి కుట్టించిన పుస్తకం స్వామి పాదాల దగ్గరుంది. మా సత్సంగం సైటుకి ఇప్పుడు కాపలాలన్నీ ఉన్నాయి. చెప్పిందే చెబితే ఒప్పుకోదు, ఒక్క ఖాతాకు తప్ప. ఆ తర్వాత చాలా నవములే చూసిన ఆ ఖాతాదారు రోజూ పొద్దున్నే నాలుగు బస్సులు, అలవాటుగా ఒక లారీ గుర్తించి, తను మనిషినని ఒప్పించుకుని లోపలికొస్తుంది. నిన్న రాసిందే రాస్తుంది. నేను కాఫీ తాగుతూ అంకె కదలడం చూసి, ఆఫీసుకు బయల్దేరతాను.