బావను బతికించిన బస్సు ప్రయాణం

పలమనేరు నుంచి ఫోను వచ్చేసరికి నేను తిరుపతిలో మా ఇంటి వరండాలో కూర్చుని, పోయిన ఆదివారం సంచికలో అచ్చయిన నా కథను మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను. నా కథలకు అంత శ్రద్ధగల పాఠకుణ్ణి నేనొక్కణ్ణే.

“కథ సదివినామప్పా,” అన్నాడు మా బావకు అన్న. “మంచి పని సేసినావు. బుధవారం దినం పెట్టుకున్నాం. చీర తీసుకోని వచ్చేయ్.”

“ఏం చీర?”

“ఏం చీరేందబ్బా! మీ అక్కకు పుట్టింటి చీర.”

మా వైపు భర్త పోయిన ఆడమనిషికి కర్మ రోజున పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. అది లేకుండా తంతు జరగదు. అక్కకు మిగిలిన పుట్టిల్లు నేనొక్కణ్ణే.

అసలు బావ పోయాడని ఎవరన్నారు? టమోటా లారీ తోలుకుని చెన్నై వెళ్లాడు. సరుకు దించి, టీ తాగొస్తానని వెళ్లి తిరిగి రాలేదు. స్టేషన్లూ ఆసుపత్రులూ తిరిగాం. కొన్నేళ్లయినా ఏ వర్తమానమూ లేదు. దర్భలతో మనిషిని చేసి దహనం చేద్దామని అత్తింటివాళ్లు పట్టుబడుతున్నారు. అక్క ఒప్పుకోలేదు. అక్క కోసం నేనూ చీర తేనన్నాను.

“నేనెప్పుడు ఒప్పుకున్నాను?”

“అచ్చులోనే రాసినావు గదప్పా! టీ తాగేవాడు, నవ్వేవాడు, పాడేవాడు అని. ఉండే మనిషిని ఎవురన్నా అట్ల రాస్తారా? తమ్ముడే ఒప్పేసుకున్నాడని ఊరంతా అంటా ఉండాది.”

ఆ కథను మొదట వర్తమానంలోనే రాశాను. బావ తాగుతాడు, నవ్వుతాడు, పాడతాడు. చదివితే క్రికెట్ వ్యాఖ్యానంలా వినిపించింది. అందుకని క్రియలన్నీ వెనక్కి తిప్పాను. కథకు పాత బియ్యం రుచి వచ్చింది. ఆ సంతోషంలో కాఫీ తాగాను. మనిషిని చంపి కాఫీ తాగుతున్నానని అప్పుడు తోచలేదు. దాన్ని భూతకాలమని ఊరికే అనలేదు.

వెంటనే బస్సెక్కాను. ఒళ్లో సంచిక పెట్టుకుని, కుదుపుల మధ్యే పెన్నుతో ప్రతి క్రియనూ దిద్దాను. చిత్తూరు దాటేసరికి బావ సగం బతికాడు. ఘాటు రోడ్డు ఎక్కేసరికి లేచి కూర్చున్నాడు.

అక్క ఇంటి ముందు పెద్దలు కుర్చీలేసుకుని ఉన్నారు. అక్క పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉంది. నేను కూర్చోకుండానే చదవడం మొదలుపెట్టాను.

“మా బావ టీ తాగుతాడు. సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగుతాడు...”

“ఏమప్పా,” అన్నాడు బావ అన్న, “అచ్చులో ఒకటుండాది, నువ్వొకటి సదవతా ఉండావే! మేమేం ఎర్రోళ్లమా?”

“సవరించాను.”

“నువ్వు సవరిస్తే మనిషొస్తాడా?”

“రేయ్, సాలించు,” అంది అక్క. ఆయన్ని అంత మాట అన్నదేమిటా అని హడలిపోయాను. కానీ ఆమె చూస్తున్నది నన్ను. “ఆ దిద్దింది వద్దు. ముందు రాసిందే సదువు.”

“అక్కా, అందులో బావ...”

“తెలుసు. పక్కింటి పాప సదివి వినిపించింది.” చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. “వస్తాడు, వస్తాడని అడిగినోళ్లకంతా సెప్పి సెప్పి నా నోరు నొస్తా ఉండాదిరా. నువ్వు అట్ల నవ్వేవాడు, ఇట్ల పాడేవాడు అని రాసినావు సూడు, ఇన్నాళ్లకు ఆయన్ని సూసినట్టుండె. కడుపునిండా ఏడ్సినా. ఆ పొద్దు బాగా నిద్ర పట్టింది.”

ఇన్నాళ్లూ పట్టుబట్టిన బావ అన్న తల దించుకున్నాడు.

“చీర తెచ్చినావా?” అంది అక్క.

“లేదు.”

“సరే, మళ్లీ తెద్దువు. ముందు సదువు.”

నా పెన్ను గీతల కింద అచ్చక్షరాలు సరిగా కనిపించడం లేదు. కనిపించకపోయినా ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అక్క నా ఎదురుగా నేలమీద కూర్చుని కళ్లు మూసుకుంది. నేను నోరు తెరిచాను. “మా బావ టీ తాగేవాడు...”